చెంపకు ఆనించిన జాడీ

పదకొండేళ్ళుగా నా కుడి అరచేతిలో ఒక మనిషి చెంప ఉంది. ఇంతకన్నా సూటిగా చెప్పడం నాకు చేతకాదు. అన్నం కలుపుతుంటే ఉంది, మట్టి పిసుకుతుంటే ఉంది, ఎవరైనా చేయి చాపి పలకరిస్తే అప్పుడూ ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళకు చెప్పబోయిన ప్రతిసారీ నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి. మీకు చెబుతాను. మధ్యలో తప్పించుకోబోతాను, నా సంగతి నాకు తెలుసు. అప్పుడు చదవడం మాత్రం ఆపకండి.

నేను కోపిష్ఠిని. చిన్నప్పుడు ఆటలో ఓడిపోతే క్యారమ్ బోర్డు ఎత్తి తమ్ముడి కాళ్ళ మీద వేశాను. వాడి బొటనవేలి గోరు ఊడింది. "వీడికి ముక్కు మీద కోపం, మనసు మాత్రం వెన్న" అని మా అమ్మ పక్కింటావిడతో అనేది. అలాంటి మాటలు వింటూ పెరగకూడదు. కోపం చేసిన ప్రతి పనికీ మనసు జామీను ఉంటుందని నమ్మేస్తాం.

మాది కాకినాడ వైపు. నాన్న బ్యాంకు ఉద్యోగం వల్ల తార్నాకలో స్థిరపడ్డాం. ఇంటి నుంచి యూనివర్సిటీకి నడిచి వెళ్ళేవాణ్ణి. అక్కడ నేను చేరింది సిరామిక్స్‌లో. కుండలు చేసుకోవడానికి ఇంత చదువెందుకురా అని నాన్న ఒకటి రెండుసార్లు అన్నాడు, తర్వాత వదిలేశాడు. మా విభాగం వెనక బండల మధ్య ఒక రేకుల షెడ్డు, అందులో గ్యాస్ బట్టీ. ఈ కథంతా ఆ బట్టీ దగ్గరే.

మాకు ప్రభ మేడం నేర్పేవారు. ఆవిడ ఇటలీలో కుండలకు పేరుపడ్డ ఒక చిన్న ఊళ్ళో ఆరేళ్ళు పని నేర్చుకుని వచ్చారు. అక్కడి పద్ధతి పేరు మయోలికా. ఎర్రమట్టి పళ్ళేన్ని ఒకసారి కాల్చి, తెల్లటి గ్లేజు నీళ్ళలో ముంచి తీస్తారు. అది ఆరాక సున్నం కొట్టిన గోడలా తెల్లటి పొడి పొర నిలుస్తుంది. బొమ్మ దాని మీదే వేయాలి. కుంచె తగలగానే ఆ పొర రంగును తాగేస్తుంది. చెరపడం లేదు, దిద్దడం లేదు. తర్వాత రెండోసారి కాలిస్తే ఆ పొర కరిగి గాజులా మెరుస్తుంది. చేయి వణికితే ఆ వణుకు కూడా అలాగే కాలి, వందల ఏళ్ళు అలాగే ఉంటుంది. "గీసే ముందు ఊపిరి పీల్చుకోండి. గీశాక మాత్రం ఏడవకండి" అనేవారు మేడం. నిమ్మకాయలు, ద్రాక్ష తీగలు, ఒక కన్ను పెద్దగా ఉండే పక్షులు వేయించేవారు. మా చేతులు ముగ్గులకు అలవాటుపడ్డవి కాబట్టి తీగలు బాగా వచ్చేవి. పక్షులే కోళ్ళయ్యేవి.

బట్టీ చూసుకునేది యాదయ్య. మేము యాదన్నా అనేవాళ్ళం. అప్పటికి యాభైకి దగ్గరగా ఉంటాడు, లాలాగూడ మనిషి. వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపులో చేశాడు, ఈయనకు మాత్రం యూనివర్సిటీలో కాంట్రాక్టు పని. ఆయనకొక అలవాటు ఉండేది. బట్టీలో పెట్టే ముందు ప్రతి పచ్చి కుండనూ రెండు చేతులతో ఎత్తి, కళ్ళు మూసుకుని, ఎడమ చెంపకు ఆనించేవాడు. లోపల తేమ ఉంటే మట్టి చల్లగా తగులుతుంది. చేతికి తెలియని చల్లదనం చెంపకు తెలుస్తుందట. కాలిన కుండనైతే వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. పగులుంటే గొంతు మారుతుంది. మేము ఆయన్ని 'ముద్దుల యాదన్న' అని ఏడిపించేవాళ్ళం. యాదన్న ముద్దు పెడితే పాసైనట్టే అనేవాళ్ళం. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మేడం తన ఇటలీ గురువుల దగ్గర నుంచి ఒక కట్టుబాటు కూడా తెచ్చారు. బట్టీ పేర్చినవాడు తలుపు మూశాక ఇంకెవరూ దాన్ని తెరవకూడదు. గురువైనా సరే. తలుపు మూసినవాడిదే బట్టీ.

ఆ ఏడు మాలో ఒకరికి ఆ ఊరి కార్ఖానాలో ఏడాది పాటు పని నేర్చుకునే అవకాశం వచ్చింది. ఒక్కరికే. అక్కడి నుంచి ఒక పెద్దావిడ వచ్చి మా పనులు చూసి ఎంచుకుంటుందన్నారు. నాకు ఆ చోటు కావాలి. ఎంత కావాలంటే, శ్రీకాంత్ బొమ్మ వేస్తుంటే వాడి మోచెయ్యి మీద ఎవరైనా పడితే బాగుండును అనుకునేంత. శ్రీకాంత్ కరీంనగర్ పిల్లాడు, హాస్టల్లో ఉండేవాడు. ఇరవై నాలుగు పలకల మీద ఒకటే దానిమ్మ చెట్టు వేశాడు. పలకలన్నీ పక్కపక్కన పెడితే చెట్టు పూర్తవుతుంది. మూడు నెలల పని. నా చేతికి ఆ నిదానం లేదు. అందుకని ఎవరూ చేయనిది చేయాలని ఒక మందుల జాడీ చేశాను.

అలాంటి జాడీలు పూర్వం ఇటలీ మందుల కొట్లలో ఉండేవట. నిలువుగా, నడుము సన్నగా. అరలో పక్కపక్కన ఇరికించినా నడుము దగ్గర వేళ్ళు పట్టి ఒక్కటే బయటికి లాగడానికి ఆ ఆకారం. నాది మోకాలెత్తు వచ్చింది. చూడ్డానికి బాగుంది. అడుగు మాత్రం రెండు వేళ్ళ మందం. కుమ్మరి సారె మీద అంత ఎత్తు లాగడం పూర్తిగా రాని వాళ్ళందరూ చేసే తప్పే ఇది. మట్టి పైకి రాక కింద మిగిలిపోతుంది. తర్వాత తిరగేసి ఆ మందం చెక్కేయాలి. చెక్కితే నడుము విరుగుతుందేమోనని భయపడ్డాను. చెక్కలేదు.

బట్టీ పేరుస్తున్న సాయంత్రం దాన్ని తీసుకెళ్ళాను. ఉన్నది ఒకటే బట్టీ, రోజులు తక్కువ. పాత రోజుల్లో ఇటలీలో రంగు వేసిన పళ్ళేలనూ పచ్చి కుండలనూ ఒకే బట్టీలో కాల్చేవారని చెప్పి మేడం ఈసారి రెండూ కలిపి పెట్టమన్నారు. ఈ బట్టీ తప్పితే నా జాడీకి రంగు వేసే వ్యవధి ఉండదు. యాదన్న జాడీ ఎత్తి చెంపకు ఆనించాడు. అడుగును ఇంకాసేపు ఆనించాడు.

"సల్లగున్నది తమ్మీ. కడుపుల నీళ్ళున్నయ్."

"పైనంతా ఆరింది కదన్నా. చూడు, తెల్లగా ఉంది."

"పైన ఆర్తది. గింత మందం అడుగు పెడితే లోపట ఎట్ల ఆర్తది? పేల్తది. పేలిందంటే అదొక్కటే వోదు, పక్కపొంటి అన్నిటినీ తీస్కపోతది. మంచిగ చేసినవ్, నాలుగొద్దులు ఆగు."

"నాలుగు రోజులుంటే నేనిలా అడుగుతానా?"

"నువ్వడిగినవని మట్టి ఇంటదా తమ్మీ?" అని నవ్వి, జాడీని పసిపిల్లను ఇచ్చినట్టు నా చేతుల్లో పెట్టాడు.

ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది. చూడండి, అప్పుడే తప్పించుకోబోతున్నాను. నవ్వుకు కాదు. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు, అందుకు మండింది.

పక్క గదిలో ఎవరిదో హెయిర్ డ్రైయర్ ఉంటే అరగంటసేపు జాడీ అడుగుకు వేడిగాలి పట్టించాను. తర్వాత నా చెంపకు ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది. వేడిగాలి పట్టిస్తే ఏదైనా వెచ్చగానే ఉంటుంది. ఆ మాత్రం తెలియదా నాకు? తెలుసు. ఆ వెచ్చదనమే చాలనుకున్నాను. యాదన్న తలుపు మూసి గొళ్ళెం వేసి టీకి వెళ్ళాడు. షెడ్డులో ఎవరూ లేరు. గొళ్ళెం తీశాను. మధ్య అరలో శ్రీకాంత్ పలకల పక్కన ఒక కుండను కొంచెం జరిపితే నా జాడీకి సరిగ్గా చోటు దొరికింది. తలుపు మళ్ళీ మూశాను. అంతా కలిపి రెండు నిమిషాల పని.

మర్నాడు పొద్దున ఆరింటికి యాదన్న మంట పెట్టాడు. తేమ పోవడానికి చాలాసేపు తలుపు ఓరగా ఉంచి, సన్న మంట మీదే నడిపాడు. తొమ్మిది దాటాక తలుపు బిగించి కొద్దిగా పెంచాడు. నేను బయట బండ మీద కూర్చుని ఉన్నాను. లోపల 'ధబ్' మన్నది. తర్వాత వరసగా టపటపమని, రాళ్ళ వాన రేకుల మీద పడ్డట్టు. అప్పుడైనా లేచి వెళ్ళి చెప్పి ఉండొచ్చు. మంట ఆపి, తలుపు తీసేలోపు మూడు గంటల వ్యవధి ఉంది. ఆ మూడు గంటలూ నేను ఏం చేశానో తెలుసా? క్యాంటీన్‌కి వెళ్ళి ఉప్మా తిన్నాను.

పన్నెండున్నరకు తలుపు తీశారు. అందరం ఉన్నాం. మధ్య అరలో ఏమీ లేదు. పెంకులు, పొడి. తెల్ల పొర లేచిపోయిన పళ్ళేలు, మెడలు తెగిన కూజాలు. దానిమ్మ చెట్టు పలకల్లో నిలిచినవి అయిదో ఆరో. వాటి మీది రంగు గోళ్ళతో గీరినట్టు పోయింది. కాలని రంగు కదా, తాకితేనే పోతుంది. శ్రీకాంత్ ఒక్కో పెంకూ తీసి నేల మీద పేర్చడం మొదలుపెట్టాడు. నాలుగైదు పేర్చాక ఆపి, ఒక రకమైన అరుపు అరిచాడు. పశువు అరిచినట్టు ఉంది. ఇప్పటికీ ఎక్కడైనా లారీ బ్రేకు కీచుమంటే నాకు ఆ అరుపే వినిపిస్తుంది.

"ఎంత మంట పెట్టావయ్యా యాదయ్యా?" అన్నారు మేడం. ఆవిడ గొంతులో కోపం లేదు, ప్రాణమూ లేదు.

"మెల్లగనే పెంచిన మేడం, నా బిడ్డల మీద ఒట్టు. గిది మంటతోని అయింది కాదు. ఎవరో పచ్చిది పెట్టిన్రు. గీ ముక్క సూడుండ్రి, గింత మందం..."

వంగి పెంకుల్లోంచి ఒక ముక్క తీశాడు. రెండు వేళ్ళ మందం. నా జాడీ అడుగు. దాన్ని వెలుతురులోకి ఎత్తుతూ మా అందరి వైపు తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ ఆయన కళ్ళు నా మీద ఆగాయి.

కొట్టాను. అరచేయి పూర్తిగా తెరిచి, భుజం నుంచి తిప్పి, ఉన్న బలమంతా పెట్టి ఎడమ చెంప మీద కొట్టాను. చెంప, చెవి రెండూ కలిసి నా చేతికి తగిలాయి. ముక్క ఎగిరి కింద పడింది. "తాగొచ్చి బట్టీ కాలుస్తావురా?" అని అరిచాను. ఆయన తాగడు. టీ తప్ప ఏమీ తాగడు. ఆ మాట నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఎంతో సిద్ధంగా, చేతికందే చోటే ఉన్నట్టు వచ్చింది. నాలాంటి ఇళ్ళల్లో అలాంటి మనుషుల మీద విసరడానికి అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను.

మొదటి దెబ్బ పడేదాకా అందరూ మనుషులే. తర్వాత శ్రీకాంత్ మట్టిని చదునుచేసే చెక్క బ్యాటు అందుకున్నాడు. మొదటిది భుజం మీద, రెండోది మోకాలి వెనక. యాదన్న కూలబడ్డాడు. ఇంకో ఇద్దరు కాళ్ళతో తన్నారు. పెంకుల మీద పడి ఆయన మోచేతులు చీరుకున్నాయి. తెల్లటి గ్లేజు పొడిలో నెత్తురు పడితే ఏమవుతుందో నేను చూశాను. రంగులాగే తాగేస్తుంది. మేడం అడ్డం పడి అరుస్తున్నారు, ఆవిడ చేతి మీద కూడా ఒక దెబ్బ పడింది. యాదన్న తిరిగి కొట్టలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని "నేను మూసినంక ఎవరో తలుపు తీసిన్రు సార్, తలుపు తీసిన్రు" అనే అంటున్నాడు. అంతవరకూ మమ్మల్ని తమ్మీ అని పిలిచినవాడు అప్పుడు సార్ అన్నాడు. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది.

నేను ఆ గొడవలో ఏం చేశాను? ముక్క మీద కాలు పెట్టి నిలబడ్డాను. అందరూ ఆయన్ని ఎత్తి కూర్చోబెడుతుంటే వంగి దాన్ని జేబులో వేసుకున్నాను.

విచారణ అన్నారు. చూసింది రాసి ఇమ్మన్నారు. పొద్దున షెడ్డులో ఆయన దగ్గర మందు వాసన వచ్చిందని నేను రాసిచ్చాను. నా చేతిరాత బాగుంటుంది. తలుపు ఎవరో తీశారని ఆయన చెప్పినదాన్ని ఎవరూ లెక్కచేయలేదు. నెల తిరిగేసరికి ఆయన కాంట్రాక్టు పోయింది. చెవి పూర్తిగా పోయిందని తర్వాత తెలిసింది. కొట్టినందుకు మాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. దాన్ని ఆఫీసులో ఎక్కడో ఫైలు చేసి ఉంటారు.

ఇటలీ పెద్దావిడ వచ్చేసరికి ఎవరి దగ్గరా చూపించడానికి ఏమీ లేదు. నా దగ్గర మూడు పళ్ళేలు ఉన్నాయి. అంతకుముందు బట్టీలో కాలినవి, మా అమ్మకు చూపిద్దామని ఇంటికి తీసుకెళ్ళాను కాబట్టి మిగిలాయి. ఆవిడ నన్నే ఎంచుకుంది. అవును, వెళ్ళాను. వద్దనలేదు. శ్రీకాంత్ నా చేయి పట్టుకుని ఊపి, "నువ్వైనా పో రా" అన్నాడు. వాడు ఆ తర్వాత మట్టి ముట్టుకోలేదని విన్నాను.

ఆ ఊళ్ళో మొదటి వారమే జరిగింది ఇది. కార్ఖానాలో చల్లటి ఉదయం. పెద్దావిడ బట్టీ పేర్చబోతూ ఒక పచ్చి కూజా ఎత్తింది. కళ్ళు మూసుకుని చెంపకు ఆనించుకుంది. అలాగే, ఎడమ చెంపకే. నేను సముద్రాలు దాటి నేర్చుకోవడానికి వెళ్ళిన పనిని లాలాగూడ మనిషి నా ముందే, నా జాడీతోనే చేసి చూపించాడు, ఆ చెంపనే నేను కొట్టాను. బయటికి పరుగెత్తాను. రాతి గోడకేసి అరచేతిని కొట్టుకున్నాను, తోలు లేచి నెత్తురు కారేదాకా. పెద్దావిడ వచ్చి చేయి పట్టుకుని ఏమైందని అడిగింది. ఇంటి మీద బెంగ అన్నాను. పాపం, ఆ రోజు నాకోసం సూప్ కాచి పెట్టింది.

ఇప్పుడు తార్నాకలోనే, మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండు గదుల్లో కుండల బడి నడుపుతున్నాను. ఫ్లాట్లలో వాళ్ళు సెలవు రోజుల్లో వచ్చి నిమ్మకాయల పళ్ళేలు చేసుకుంటారు. నా చేతిలో ఓర్పు ఉందంటారు. బట్టీ పేర్చే రోజు నేను ఒక్కణ్ణే ఉంటాను. కుండను చెంపకు ఆనించడం ఎవరైనా చూస్తే ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతారు. ఇటలీలో అని చెబుతాను. ఆయన దగ్గర దొంగిలించడం అక్కడితో కూడా ఆగలేదు, చూశారా. కొన్నిసార్లు ఆ మాట చెప్పి లోపలికి వెళ్ళి, బాగా కాలిన పళ్ళెం ఒకటి తీసుకుని నేలకేసి కొడతాను. పనిమనిషి ఊడుస్తూ "చేతులకెల్లి జారిందా సార్?" అంటుంది. జారింది అంటాను.

మూడు వారాల క్రితం యాదన్న కనిపించాడు. నాలుగు సందుల అవతల కోచింగ్ సెంటర్లో వాచ్‌మన్. జుట్టు తెల్లబడింది, కుడి కాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఎండాకాలం కదా, పిల్లల మంచినీళ్ళకు కొత్త మట్టి రంజన్ తెప్పించినట్టున్నారు. గేటు దగ్గర దాన్ని నేల మీద పెట్టి, పక్కన కూర్చుని, వేలి కణుపుతో తడుతున్నాడు. తట్టి, తల మొత్తం ఇటు తిప్పి, కుడి చెవిని దానికి దగ్గరగా పెడుతున్నాడు. నా జేబులో ఆ జాడీ ముక్క ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఈ రోజు చెప్పేస్తాను అనుకున్నాను.

చెప్పాను కూడా. ఎలా చెప్పానో వినండి. ఆయన ఎడమ వైపు నిలబడి చెప్పాను. అది వినపడని చెవి అని నాకు తెలుసు. ఆ చెవిని అలా చేసింది నేనే కదా, నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. జాడీ నాదే యాదన్నా, తలుపు తీసింది నేనే, అన్నాను. చాలా మెల్లగా అన్నాను. పెదాలు కదిలినట్టు అనిపించిందేమో, ఆయన తల ఎత్తాడు. చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడు. పట్టలేదని అబద్ధం చెప్పుకోవడానికి కూడా నాకు చోటివ్వలేదు ఆ చూపు.

"గిటు దిక్కు వచ్చి చెప్పుండ్రి సార్" అన్నాడు, కుడి చెవి చూపించి. "గా చెవు పని జెయ్యది."

ఏం లేదు అన్నాను. ఏం లేదు, ఊరికే.

ఆయన ఇంకాసేపు ఎదురు చూశాడు. నిజంగా ఎదురు చూశాడు, రంజన్ మీద చేయి అలాగే ఉంచి. తర్వాత మళ్ళీ తట్టడం మొదలుపెట్టాడు. నేను ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఇది రాస్తున్నాను. క్షమించమని అడగడానికి కాదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు, ఇవ్వాల్సినవాడు అడిగే అవకాశం ఇస్తే నేనే పారిపోయి వచ్చాను. మళ్ళీ ఆ గేటు దగ్గరికి వెళ్తానో లేదో నాకు తెలియదు. వెళ్తానని రాస్తే బాగుంటుంది, కానీ నా మాట మీద నాకే నమ్మకం లేదు. ముక్క ఇప్పుడు జేబులో లేదు, ఈ కాగితం ఎగరకుండా దాని మీద పెట్టాను. ఈ ఒక్కసారికి మీరు ఆయన కుడి చెవి అనుకోండి. అటు వైపు నిలబడి, గట్టిగా చెబుతున్నాను. పచ్చి జాడీ నాది. మూసిన తలుపు తీసింది నేను. యాదన్న తాగలేదు. మొదటి దెబ్బ నాది.